సూది లేని ఏళ్ళలో పడే అలవాట్లు

పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఓపీ నడుస్తుంటుంది. ఒక తల్లి నాలుగేళ్ళ బాబుని జలుబుకి తీసుకొస్తుంది. డాక్టరు గొంతు చూసి, ఛాతీ విని, మందు రాసి, చీటీ చేతికిస్తూ ఒక మాట కలుపుతారు: "చిప్స్ మాన్పించండి, ఫోన్ ఇవ్వకండి, కూరగాయలు పెట్టండి, కాసేపు ఆడించండి, రాత్రి తొందరగా పడుకోబెట్టండి." అర నిమిషంలో ఐదు సలహాలు. ఐదూ సరైనవే. రెండు నెలల తర్వాత అదే బాబు దగ్గుతో వస్తే ఐదింటిలో ఒక్కటీ జరిగి ఉండదు. "చెప్తే వినరు" అని డాక్టరు, "చెప్పడానికేం, చెప్తారు" అని తల్లి.

ఆ ఐదు సలహాలను ఒకసారి ఇంట్లోకి తీసుకెళ్ళి, ఏది ఎవరి చేతిలో ఉందో చూడండి. చిప్స్ ప్యాకెట్ కొనేది తాతయ్య, సాయంత్రం వీధి చివరి కొట్టు దాకా మనవణ్ణి నడిపించినప్పుడు. ఫోన్ ఇచ్చేది అమ్మ, అదీ అన్నం తినిపించేటప్పుడే. కూరలో ఏం పడాలో చెప్పేది నాన్నమ్మ. ఆటకి తీసుకెళ్ళగలిగింది నాన్న. ఆయనకేమో ఈ వారం విశాఖ స్టీల్ ప్లాంట్‌లో బి షిఫ్టు, మధ్యాహ్నం వెళ్తే ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. బాబు నిద్ర ఆయన రాకని బట్టి, హాల్లో టీవీని బట్టి నడుస్తుంది. ఐదు తాళాలు నలుగురి దగ్గర ఉంటే, సలహా విన్నది మాత్రం అమ్మ ఒక్కతే. ఇంటికెళ్ళి మిగిలినవాళ్ళకి చెప్తే అది డాక్టరు మాటగా ఉండదు, కోడలి మాట అయిపోతుంది.

అందుకే పిల్లల అలవాట్ల విషయంలో ప్రాథమిక వైద్యం చేయగలిగిన పని సలహాలు పెంచడం కాదు. ఇంటి రోజులో ఒక్క ముడిని పట్టుకుని, అది ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని, విప్పేదాకా మళ్ళీ మళ్ళీ కలవడం. పెద్దాసుపత్రికి లేని సౌకర్యం పేటలో ఉండే చిన్న కేంద్రానికి ఇదొక్కటే ఉంది: ఆ కుటుంబం మళ్ళీ వస్తుంది. రాకపోతే ఆశా కార్యకర్తకి ఇల్లు తెలుసు.

టీకాల పట్టికలో ఒక ఖాళీ

తల్లీబిడ్డల కార్డులో తేదీలు చూడండి. పుట్టగానే, తర్వాత 6, 10, 14 వారాలకి, 9–12 నెలలకి, 16–24 నెలలకి సూదులున్నాయి. ఆ తర్వాత డీపీటీ రెండో బూస్టర్ 5–6 ఏళ్ళకి. ఇంకా పైన 10, 16 ఏళ్ళకి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా). అంటే రెండేళ్ళు నిండాక ఐదేళ్ళ దాకా సూది లేదు. సూది లేదు కాబట్టి, జ్వరం వస్తే తప్ప బిడ్డ కేంద్రం గడప తొక్కదు.

సరిగ్గా ఆ మూడేళ్ళలోనే అలవాట్లు స్థిరపడతాయి. మొదలు ఎక్కడో చెప్తే ఈ సమస్య సగం అర్థమవుతుంది. మొదటి ఏడాదిలో బిడ్డ ఆరేడు కిలోలు పెరుగుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది, ప్రకృతి లెక్క అది. కానీ ఇంట్లో అందరికీ నిరుటి ఆకలే గుర్తుంటుంది. "ఏమీ తినట్లేదు" అన్న బెంగ మొదలవుతుంది. ఆ బెంగలోంచే ఫోన్ వస్తుంది, చందమామ రోజులు పోయాయి కదా. ఫోన్‌తో పాటే గిన్నె పట్టుకుని వెనకాల పరుగు వస్తుంది. అన్నం తినలేదు కదా, పాలైనా తాగనీ అని రోజుకి నాలుగు సీసాల పాలు వస్తాయి. అర లీటరు దాటి పాలు తాగే బిడ్డకి కడుపులో అన్నానికి చోటుండదు, పాలలో ఇనుము నామమాత్రం, రక్తహీనత మెల్లగా దిగుతుంది. రక్తహీనతకి ఆకలి మరింత చస్తుంది. చక్రం పూర్తయింది. తాళం వేసింది బెంగే తప్ప గారాబం కాదు.

కాబట్టి 16–24 నెలల టీకా రోజున నర్సమ్మ చెప్పదగ్గ అతి విలువైన మాట ఏమిటంటే, "ఇకమీద ఆకలి తగ్గుతుందమ్మా, భయపడకండి, బరువు కార్డు మీద గీత వెంట నడుస్తుంటే చాలు." ముందే చెప్తే అది కబురు. ఫోన్ అలవాటు పడ్డాక చెప్తే అది నింద.

ఖాళీ ఏళ్ళలో పట్టుకోవడానికి ఒక సాకు మన దగ్గర ఉండనే ఉంది, విటమిన్ ఏ. తొమ్మిది నెలలకి 1 మిల్లీలీటరు, తర్వాత ప్రతి ఆరు నెలలకీ 2 మిల్లీలీటర్ల చొప్పున ఐదేళ్ళ దాకా మొత్తం 9 మోతాదులు. ఆ చుక్కలు వేసే రోజే బరువు, ఎత్తు, దండ (భుజానికీ మోచేతికీ మధ్య) చుట్టుకొలత, ఒక్క అలవాటు గురించి పది నిమిషాల మాట కలిపితే, ఏ కొత్త పథకమూ లేకుండానే ఏడాదికి రెండు భేటీలు దొరికినట్టే. ఇప్పుడు చాలాచోట్ల జరిగేది నోట్లో చుక్కలు, రిజిస్టర్‌లో టిక్కు, అంతే.

కొలత తప్పితే మాట తప్పుతుంది

బరువు చూసేటప్పుడు చెప్పులు, బెల్టు, జేబులో నాణేలు తీయించాలి. రెండేళ్ళ లోపు బిడ్డని పడుకోబెట్టి పొడవు, దాటాక నిలబెట్టి ఎత్తు తీయాలి. జడలు, క్లిప్పులు ఎత్తులో రెండు సెంటీమీటర్లు దొంగతనంగా కలిపేస్తాయి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకి దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపుంటే తీవ్ర పోషకాహార లోపం, 11.5–12.5 మధ్య ఉంటే ఒక మోస్తరు లోపం. అటువంటి బిడ్డకి ఈ వ్యాసంలో చెప్పే "ఆకలేస్తే తింటాడులే" పద్ధతి వర్తించదు. ఆ దారి వేరు, వైద్యం వేరు.

బరువుని ఎత్తుతో పోల్చే బీఎంఐ లెక్క దగ్గర పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎనిమిదేళ్ళ బాబు, ఎత్తు 128 సెంటీమీటర్లు, బరువు 30 కిలోలు. లెక్కేస్తే బీఎంఐ 18.3. పెద్దవాళ్ళ పట్టికలో 18.5 లోపు అంటే బక్కపలచ. ఫోన్‌లో పెద్దవాళ్ళ కాలిక్యులేటర్‌లో కొట్టి చూసిన నాన్న "ఇంకా రెండు ముద్దలు పెట్టండి" అంటాడు. నిజానికి ఎనిమిదేళ్ళ బాబు విషయంలో ఆ అంకె అధిక బరువు గీత దాటినట్టే. పిల్లలకి అంకె చాలదు, వయసు, ఆడా మగా బట్టి గీసిన గ్రాఫ్ మీద చుక్క పెట్టి చూపాలి. ఐదేళ్ళ దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ గ్రాఫులు, 5–18 ఏళ్ళకి భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2015లో తెచ్చిన గ్రాఫులు వాడతారు. గ్రాఫు దొరకని చోట ఒక దారం చాలు: నడుము చుట్టుకొలత ఎత్తులో సగం దాటిందంటే జాగ్రత్తపడాలి.

మెడ కూడా చూడాలి. మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా, ముట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా ఉండే చారని ఇళ్ళలో మురికి అనుకుంటారు. ఆదివారం నలుగుపిండితోనూ, పీచుతోనూ చర్మం ఎర్రబడేదాకా రుద్దుతారు. అది మురికి కాదు. శరీరంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతోందని చర్మం ఇచ్చే గుర్తు. ఆ చార చూపించి "ఇది రుద్దితే పోదమ్మా, లోపల చక్కెర సంగతి సర్దుకుంటే పలచబడుతుంది" అని చెప్పడం వంద ఉపన్యాసాల పెట్టు. ఎన్నాళ్ళగానో చూస్తున్నదానికి అర్థం తెలిస్తే ఆ మాట ఇంట్లో అందరికీ చేరుతుంది.

అడిగే తీరు

"జంక్ ఫుడ్ తింటాడా?" అని అడిగితే "అబ్బే, ఎప్పుడో ఒకసారి" అనే జవాబే వస్తుంది. ఎవరైనా అంతే చెప్తారు. దానికి బదులు "నిన్న నిద్ర లేచిన దగ్గర్నుంచి ఏమేం జరిగిందో చెప్పండి" అనాలి. లేచిన వేళ, నోట్లో పడ్డ మొదటిది, బడి బస్సు, డబ్బాలో ఏం పెట్టారు, ఎంత మిగిలి వచ్చింది, సాయంత్రం, రాత్రి. మధ్యలో తీర్పు చెప్పకూడదు. ముఖం చిట్లించకూడదు. ఐదు నిమిషాల్లో ఆ ఇంటి రోజంతా కాగితం మీదికి వచ్చేస్తుంది. ముడి ఎక్కడుందో చాలాసార్లు తల్లికే కనబడుతుంది.

మాటల వరస దాదాపు ఇలా నడుస్తుంది:

"బాబు అన్నం వేళ గురించి కాసేపు మాట్లాడుకుందామామ్మా? ఇప్పుడు కుదురుతుందా?"

"ఏటి సేత్తామండీ సిస్టరుగారూ, ఫోను సూపిత్తే గానీ ముద్ద మింగడు."

"అన్నం వేళ ఫోన్ తీసేయాలని మీకెంతుంది? పదికి ఎంతంటారు?"

"ఎనిమిదుంటది."

"తీసేయగలనన్న నమ్మకం పదికి ఎంత?"

"మూడు."

"మూడేనా! సున్నా ఎందుకు కాదు?"

ఈ చివరి ప్రశ్నలోనే కిటుకుంది. "ఎందుకు పది కాదు" అని అడిగితే తల్లి సాకులు చెప్పుకుంటుంది. "సున్నా ఎందుకు కాదు" అని అడిగితే తన దగ్గరున్న బలం చెప్తుంది: "మా అమ్మోళ్ళింటికెల్తే మా చెల్లి పిల్లల్తో కూకుని తినేత్తాడండి, అక్కడ ఫోనడగడు." దారి దొరికేసింది. వాడికి పక్కన కూర్చుని తినే మనిషి కావాలి. ఇది మనం ఊహించి చెప్పగలిగే సలహా కాదు, ఆమె నోటే రావాలి.

నమ్మకం ఏడుకి తక్కువ చెప్తే పెట్టుకున్న లక్ష్యం పెద్దదని అర్థం. ధైర్యం నూరిపోయడం మానేసి లక్ష్యాన్ని చిన్నది చేయాలి. మూడు పూటలూ ఫోన్ వద్దంటే మూడు. ఆదివారం ఒక్క పూట అంటే తొమ్మిది. ఆదివారంతోనే మొదలుపెట్టండి.

ఒక్క వాక్యం, నాలుగు జవాబులు

తీర్మానం ఏదైనా కార్డు వెనక ఒక్క వాక్యంగా రాయాలి. అందులో ఏం, ఎప్పుడు, ఎవరు, దాని బదులు ఏమిటి అనే నాలుగూ ఉండాలి. "చిప్స్ తగ్గిస్తాం" అనేది కోరిక. "సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం షికారులో తాతయ్య ప్యాకెట్ బదులు అరటిపండో, ఉడికించిన వేరుశెనగలో కొంటారు, శనివారం ప్యాకెట్ బాబు ఇష్టం" అనేది పని. ఇందులో తాతయ్య ఆనందం పోలేదు, షికారూ పోలేదు, మనవడి చేతిలో ఏదో పెట్టే తృప్తీ పోలేదు. పెద్దవాళ్ళ ప్రేమకి వేరే రూపం ఇవ్వకుండా ప్యాకెట్ ఒక్కటే లాగేస్తే, అది రెండో రోజే చాటుగా తిరిగొస్తుంది. వీలైతే ఆ తాతయ్యనే కేంద్రానికి తీసుకురమ్మనాలి. డాక్టరు నేరుగా "మీ చేతుల్లో ఉంది బాబాయిగారూ" అంటే, అది కోడలి మాట కాదు కదా.

పంచదార సంగతి లెక్కతో చెప్తే బాగా తలకెక్కుతుంది. నాలుగైదేళ్ళ బిడ్డకి రోజుకి సుమారు 1,300–1,400 కేలరీలు కావాలి. విడిగా కలిపే చక్కెర అందులో పదో వంతు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, అంటే 34 గ్రాముల దాకా. అందులో సగానికి తగ్గితే ఇంకా మేలు. తలకొట్టిన చిన్న చెంచాకి 4 గ్రాములు, మనం వేసే గుట్ట చెంచాకి 6 పైనే. పొద్దున్నా సాయంత్రం పాలలో రెండేసి గుట్ట చెంచాలు వేస్తే 24 గ్రాములు అక్కడే అయిపోయాయి. మాల్ట్ పొడి కూడా కలిపితే అందులో ఉన్న చక్కెర అదనం. పావు లీటరు కూల్‌డ్రింక్ తాగిన రోజున మరో 26 గ్రాములు. ఒక్కసారిగా మానేస్తే బిడ్డ పాలే మానేస్తుంది. వారానికి అర చెంచా చొప్పున దించితే నాలుకకి తెలియదు, మూడు వారాల్లో రెండు చెంచాలు అరకి వస్తాయి. బెల్లం వేస్తే ఫరవాలేదనే మాట నమ్మకండి, చక్కెర లెక్కలో బెల్లమూ ఇంచుమించు చక్కెరే.

ఫోన్ లేని పూట, రోజుల వారీగా

ముందు పూట ఎంచుకోవాలి. బడి బస్సు తరుముకొచ్చే పొద్దుటి పూట వద్దు. ఇంట్లో కనీసం ఒక పెద్ద మనిషి పక్కన కూర్చుని తినగలిగే పూట కావాలి. ఆ పూటకి ముందు రెండు గంటలు పాలు, బిస్కెట్లు, జ్యూస్ బంద్, నీళ్ళు మాత్రమే. ఆకలి లేని బిడ్డ ముందు ఫోన్ లేకుండా కంచం పెట్టడం అన్యాయం. కంచం చిన్నది, వడ్డన ఇంకా చిన్నది. గుప్పెడు అన్నం, పప్పు, చెంచాడు కూర. బిడ్డ చేత్తో తానే తినాలి, చిందితే చిందనీ. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లన్నీ అల్మారా మీద ఉండాలి, దీనికి మినహాయింపు లేదు. నాన్న ఎడమ చేత్తో రీల్స్ తిప్పుతూ కుడిచేత్తో తింటుంటే బిడ్డకి నీతులు ఎక్కవు. ఇరవై నుంచి ముప్పై నిమిషాలయ్యాక కంచం తీసేయాలి. తిట్టొద్దు, బతిమాలొద్దు, "ఈ ఒక్క ముద్ద" అనొద్దు. తర్వాతి పూట దాకా మళ్ళీ ఏమీ లేదు.

ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల వంతు, ఎంత తినాలి అన్నది బిడ్డ వంతు. అమెరికాలో ఎలిన్ శాటర్ అనే పోషకాహార నిపుణురాలు చేసిన పంపకం ఇది. మన ఇళ్ళలో ఇది తలకిందులుగా నడుస్తుంది. ఏం తినాలో బిడ్డ చెప్తుంది, ఎంత తినాలో మనం కుక్కుతాం.

మొదటి రోజు ఏడుపు ఉంటుంది. రెండో రోజు ఎక్కువవుతుంది. మూడో రోజు ఇంకా ఎక్కువవుతుంది, కంచం విసరడం, నేల మీద పడి దొర్లడం. పద్ధతి పనిచేయట్లేదని సరిగ్గా ఇక్కడే అందరూ వదిలేస్తారు. నిజానికి ఇది పనిచేస్తోందనడానికి గుర్తు. ఇన్నాళ్ళూ ఏడిస్తే దొరికిన వస్తువు దొరకట్లేదు కాబట్టి ఏడుపు ధర పెంచుతున్నాడు. మూడో రోజు నాన్నమ్మ కరిగి ఫోన్ ఇచ్చిందంటే, మూడు రోజులు గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని వాడికి మనమే నేర్పినట్టు. మళ్ళీసారి నాలుగు రోజులు ఏడుస్తాడు. అందుకే మొదలుపెట్టే ముందే ఇంటిల్లిపాదికీ ఈ మూడో రోజు గురించి చెప్పాలి, ఆశా కార్యకర్త ఫోన్ కూడా మూడో రోజో నాలుగో రోజో రావాలి. నెల తర్వాత వచ్చే ఫోన్ పలకరింపు, మూడో రోజు వచ్చేది వైద్యం.

కొత్త కూర సంగతీ ఇంతే. ఒకసారి ఉమ్మేశాడని దొండకాయ జాబితాలోంచి కొట్టేస్తారు. కొత్త రుచి ఒప్పుకోవడానికి బిడ్డకి పది, పదిహేనుసార్లు ఎదురుపడాల్సి రావచ్చు. శనగగింజంత పెట్టండి, తినకపోయినా ఫరవాలేదు, పక్కవాళ్ళు ఇష్టంగా తింటుంటే చూడనివ్వండి. "బెండకాయ తింటే చాక్లెట్ ఇస్తా" అన్నారో, బెండకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మీరే ముద్ర వేసినట్టు.

చోళ్ళు, బీట్‌రూట్, గులాబీ మాత్ర

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళ లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. లావుగా ఉన్న బిడ్డకీ ఇది ఉండొచ్చు, బొద్దుగా ఉంటే రక్తం పట్టినట్టు కాదు. ఇక్కడ ఇళ్ళలో రెండు గట్టి నమ్మకాలున్నాయి. బీట్‌రూట్ ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందనేది మొదటిది. నూరు గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు. చోళ్ళ (రాగుల) అంబలి రెండోది. చోళ్ళు మంచివే, నూరు గ్రాములకి 340 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, ఆ ఘనత తక్కువది కాదు. కానీ గ్లాసు జావకి పట్టేది 25 గ్రాముల పిండి, అందులో ఇనుము ఒక మిల్లీగ్రాము పైచిలుకు, వంటబట్టేది అందులోనూ కొంతే. నాలుగైదేళ్ళ బిడ్డకి రోజుకి కావలసింది 11 మిల్లీగ్రాములు.

అందుకే ప్రభుత్వ ఐరన్ మందుని తేలిగ్గా తీసుకోకూడదు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు సిరప్. ఐదు నుంచి తొమ్మిదేళ్ళకి వారానికి ఒక గులాబీ మాత్ర, అందులో 45 మిల్లీగ్రాముల ఇనుము. పది నుంచి పందొమ్మిదేళ్ళకి వారానికి ఒక నీలం మాత్ర, 60 మిల్లీగ్రాములు. ఇవి ముందుజాగ్రత్తకి ఇచ్చే మోతాదులు, రక్తహీనత తేలితే డాక్టరు రాసే మోతాదు వేరు. భోజనం అయ్యాక మింగాలి. విరోచనం నల్లగా అవుతుంది, అదేం ప్రమాదం కాదని ముందే చెప్పకపోతే రెండో వారం సీసా అటకెక్కుతుంది. మాత్రకి గంట అటూ ఇటూ టీ, పాలు ఇవ్వకూడదు. పప్పులో నిమ్మకాయ పిండడం, ఉసిరికాయో జామకాయో పెట్టడం ఇనుముని బాగా ఒంటబట్టిస్తాయి. మాంసాహారులైతే వారానికి రెండుసార్లు మేక కాలేయమో, కోడి కాలేయమో కొంచెం. చేపల రేవు ఉన్న ఊరు మనది, ముళ్ళతో సహా నమిలి తినే నెత్తళ్ళు కాల్షియానికి దొడ్డవి, ఎండువైతే ఉప్పు కడిగి వండాలి. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మందు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు, ఏడాది దాటి రెండేళ్ళ లోపు వాళ్ళకి సగం. నమిలి మింగించాలి, పొడి చేసి నీళ్ళలో కలిపి ఇస్తే పసివాళ్ళకి పొలమారదు.

నిద్ర వెనక్కి లెక్కపెట్టాలి

"తొందరగా పడుకోబెట్టండి" అనేది పనికిరాని మాట. బడి బస్సు మధురవాడలో ఏడుంబావుకి వస్తే బిడ్డ ఆరుంబావుకి లేవాలి. ఆరేళ్ళ బిడ్డకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి, కాబట్టి తొమ్మిదుంబావుకల్లా కన్ను మూతపడాలి. అంటే ఎనిమిదిన్నరకి అన్నం అయిపోవాలి, తొమ్మిదికి పళ్ళు తోమాలి. ఇప్పుడు పదకొండుకి పడుకుంటున్నవాణ్ణి రేపే తొమ్మిదికి పడుకోమంటే మంచం మీద గెంతుతాడు. ముందు లేచే వేళ స్థిరం చేసి, పడుకునే వేళని మూడు రోజులకి పావుగంట చొప్పున జరపండి. నాన్న షిఫ్టు నుంచి వచ్చేదాకా మేలుకోవాలని మారాం చేస్తే, నాన్నకి వేరే వేళ ఇవ్వండి. బి షిఫ్టు వారంలో పొద్దుట బస్సు దాకా నడిపించడం నాన్న పని. పళ్ళ విషయం రెండు ముక్కల్లో: మూడేళ్ళ లోపు బియ్యపుగింజంత, తర్వాత బఠాణీగింజంత ఫ్లోరైడ్ పేస్టు, రాత్రి తోమిన తర్వాత పాలు లేవు.

ఆటకి రోజుకి గంట కావాలి, ఒకే గంట కానక్కర్లేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడి ఉక్కపోతలో పగలు బయట ఆడించమనడం అవివేకం. పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఐదు దాటాక. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తాడాట, మేడ మీద తొక్కుడుబిళ్ళ కూడా లెక్కలోకి వస్తాయి. సముద్రపు ఒడ్డున పొడి ఇసకలో పరుగు రోడ్డు మీద పరుగు కంటే ఎక్కువ దమ్ము పట్టిస్తుంది. నీళ్ళలోకి మాత్రం దించకండి, ఆర్కే బీచ్ దగ్గర లోపలికి లాగే ప్రవాహాలు ఈతగాళ్ళనే మింగాయి. బీచ్‌కి వెళ్తే మురీ మిక్చర్ తినక తప్పదంటారు. తినండి. మరమరాలు, ఉల్లి, టమాటా, నిమ్మరసంతో కలిపే పొట్లం చిప్స్ ప్యాకెట్ కంటే చాలా నయం, ఉప్పు కొంచెం తక్కువ వేయమంటే సరి.

ఎన్నిసార్లు కలవాలి

బరువు ఎక్కువున్న పిల్లల విషయంలో నిజంగా ఫలితం చూపిన కార్యక్రమాల్లో కుటుంబంతో గడిపే సమయం 26 గంటలు, అంతకన్నా ఎక్కువ అని అమెరికా నిపుణుల బృందం 2024 సిఫార్సులో చెప్పింది. మన ఓపీలో మూడు నిమిషాలు. ఈ రెండంకెల మధ్య దూరం ఒక్క డాక్టరు దాటలేరు, పంచుకోవాలి. డాక్టరు ఐదు నిమిషాల్లో గ్రాఫ్ చూపించి మాట మొదలుపెడతారు. స్టాఫ్ నర్సో, ఏఎన్ఎమ్మో పది, పదిహేను నిమిషాలు కూర్చుని ఆ ఒక్క వాక్యం రాయిస్తారు. ఆశా కార్యకర్త నాలుగో రోజు ఫోన్ చేస్తుంది, రెండో వారం గుమ్మంలో కనిపిస్తుంది. నెలకి ఒక సాయంత్రం అంగన్‌వాడీలో ఎనిమిది, పది కుటుంబాలు కలిసి కూర్చుంటే ఒక్కో కుటుంబానికీ గంట జమ. 26 రాకపోవచ్చు, మూడు నిమిషాల దగ్గరైతే ఉండిపోరు. బరువు తగ్గాల్సిన అవసరం లేని మామూలు అలవాటు మార్పుకి అన్ని గంటలు అక్కర్లేదు కూడా.

పెద్దల్ని కలుపుకోవడం మర్యాద కోసం కాదు. లియొనార్డ్ ఎప్‌స్టీన్ బృందం 1990లో ప్రచురించిన పరిశోధనలో కుటుంబాల్ని పదేళ్ళు వెంబడించి చూశారు. తల్లిదండ్రులూ పిల్లలూ ఇద్దరూ కలిసి అలవాట్లు మార్చుకున్న బృందంలో పిల్లల బరువు పదేళ్ళ తర్వాత కూడా మెరుగ్గానే ఉంది. పిల్లవాడికి జొన్నరొట్టె పెట్టి నాన్న పూరీలు తినే ఇంట్లో ఆ ఫలితం రాదు. లావుగా ఉన్న అన్నకి ఒకటి, సన్నగా ఉన్న చెల్లికి ఒకటి వండితే ఇంకా నష్టం, వాడు దొంగచాటుగా తినడం నేర్చుకుంటాడు. "బండోడు", "గుమ్మడికాయ" లాంటి ముద్దు పేర్లు ఆ రోజు నుంచే ఆపాలి.

తూకం రెండు వారాలకోసారి చూస్తే నిరాశే మిగులుతుంది. లెక్కపెట్టాల్సింది పనిని: పద్నాలుగు రోజుల్లో ఫోన్ లేని పూటలు ఎన్ని, ప్యాకెట్ లేని సాయంత్రాలు ఎన్ని. గోడ క్యాలెండర్ మీద బిడ్డ చేతే గీతలు పెట్టించండి. బరువు మూడు నెలలకి చూడండి. ఎదిగే బిడ్డకి బరువు తగ్గనక్కర్లేదు. ఎత్తు పెరుగుతూ బరువు అక్కడే నిలబడితే గ్రాఫ్ మీద చుక్క దానంతటదే కిందికి దిగుతుంది. ఒక కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని లండన్‌లో పెద్దవాళ్ళ మీద చేసిన అధ్యయనం ఒకటి చూపింది, కొందరికి 18, కొందరికి 254. ఇరవయ్యొక్క రోజుల్లో అలవాటైపోతుందనే కథ పక్కనపెట్టండి.

జారిపోవడం ఖాయం. సంక్రాంతికి అమ్మమ్మ గారింట పది రోజుల అరిసెలు, వేసవి సెలవుల్లో పిల్లల చేతికి ఫోన్లు, తుఫాను వచ్చి నాలుగు రోజులు తలుపులు మూసుకోవడం. ఆ వాక్యం రాసినప్పుడే కింద ఇంకో ముక్క రాయించాలి: "పండగ తర్వాత మొదటి సోమవారం సాయంత్రం నుంచి మళ్ళీ." జారాక కుటుంబం సిగ్గుతో కేంద్రానికి రావడం మానేస్తుంది. ఆ సిగ్గు పోగొట్టడానికి ముందే రాసిన తేదీ బాగా పనికొస్తుంది.

కొన్నిటికి అలవాట్ల మాట కట్టిపెట్టి వెంటనే పైకి పంపాలి. బాగా గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడటం, దాహం ఎక్కువై రాత్రిళ్ళు పదేపదే మూత్రానికి లేవడం, బరువు పెరుగుతూ ఎత్తు ఆగిపోవడం, లావు బిడ్డ తుంటి నొప్పితో కుంటడం, ఎడతెగని తలనొప్పి, గ్రాఫ్ మీద గీత కిందికి దాటడం. ఇవి పెద్దాసుపత్రి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగంలో చూపించాల్సినవి. పంపే చీటీలో గత మూడు కొలతలూ తేదీలతో సహా రాయండి, అక్కడి డాక్టరుకి ఇవాళ్టి బరువు ఒక్కటే చెప్పేదేమీ ఉండదు. పంపిన వారానికి "చూపించారామ్మా, ఏమన్నారు?" అని ఒక ఫోన్ కూడా ఈ కేంద్రం నుంచే వెళ్ళాలి.